కనోబెల్స్‌కి మొదటిసారి వెళ్ళొచ్చాం: గేటు లేని పార్కు, చెక్క రోలర్ కోస్టర్లు, 1913 నాటి రంగులరాట్నం

జెర్సీ_అమ్మాయి

పెన్సిల్వేనియాలో ఎలీస్‌బర్గ్ పక్కన కనోబెల్స్ అని ఒక పాత వినోద పార్కు ఉందని ఈ ఫోరంలోనే ఎవరో చెబితే తెలిసింది. మొన్న శనివారం అందరం కలిసి వెళ్ళొచ్చాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారు, మామయ్యగారు. ఇంకా చూడనివాళ్ళకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను. తెలిసినవాళ్ళు మీ సంగతులు కూడా కలపండి.

ముందు డబ్బు విషయం, ఎందుకంటే నాకు బాగా నచ్చింది అదే. పార్కింగ్‌కి డబ్బులు లేవు. లోపలికి వెళ్ళడానికి టికెట్ లేదు. అసలు గేటే లేదు! చెట్ల కింద కారు ఆపి నడుస్తూ వెళ్తే, ఎక్కడ పార్కింగ్ అయిపోయి ఎక్కడ పార్కు మొదలైందో తెలియలేదు. టికెట్ల పుస్తకం కొనుక్కుని, ఎక్కిన రైడ్‌కి మాత్రం చింపి ఇస్తే చాలు. మా అత్తయ్యగారు ఇలాంటి చోట్లకి రమ్మంటే "నేను ఎక్కేదీ లేదు, దిగేదీ లేదు, నాకెందుకమ్మా అంత డబ్బు దండగ" అని ఇంట్లోనే ఉండిపోతారు. ఈసారి ఆ మాటకి అవకాశమే లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాతోనే తిరిగారు, ఒక్క రైడ్ కూడా ఎక్కకుండా. పిల్లలు దిగిన ప్రతిసారీ ఎదురుగా నానమ్మ కనిపించడం వాళ్ళకెంత సంతోషమో నేను మాటల్లో చెప్పలేను.

పార్కంతా అడవిలోనే ఉంది. చెట్లు కొట్టేసి కట్టిన పార్కు కాదు. పెద్ద పెద్ద చెట్ల మధ్య ఖాళీ ఎక్కడ దొరికితే అక్కడ ఒక రైడ్ పెట్టినట్టుంది. రెండు వాగులు పారుతుంటాయి, వాటి మీద చిన్న వంతెనలు. జులై ఎండలో కూడా టోపీ అవసరం పడలేదు.

ఇక రంగులరాట్నం. దీని గురించి ఎంత రాసినా తక్కువే. 1913లో చేసినది, 63 చెక్క గుర్రాలు. అన్నీ చేత్తో చెక్కినవే. బయటి వరసలో గుర్రం ఎక్కితే, తిరుగుతున్నప్పుడు ఒక చోట ఇనుప చెయ్యి లాంటిది మనవైపు చాచి ఉంటుంది. దాని చివర్లో ఒక రింగు. పక్కనుంచి వెళ్ళే ఆ క్షణంలో వేలు తగిలించి లాగాలి. లాగితే టక్కున ఊడి వస్తుంది, వెనకే ఇంకోటి జారి ముందుకొస్తుంది. అన్నీ ఇనుప రింగులే, మధ్యలో ఎప్పుడో ఒకసారి ఇత్తడి రింగు వస్తుంది. అది అందుకున్నవాళ్ళకి ఇంకో రౌండు ఉచితం. మా పెద్దాడు ఎడమ చేత్తో స్తంభం పట్టుకుని సగం మనిషి బయటికి వంగి లాగుతుంటే నాకు ఒకటే టెన్షన్. వాడికి ఇత్తడి రాలేదు. కానీ మా ముందు గుర్రం మీద కూర్చున్న ఒక పెద్దావిడకి వచ్చింది. డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి. రింగు పైకెత్తి అందరికీ చూపించారు, చుట్టూ నిలబడ్డ వాళ్ళంతా చప్పట్లు!

చెక్క కోస్టర్ ఫీనిక్స్ ఎక్కింది మా వారు, పెద్దాడు. దిగాక వాడు మాట్లాడలేదు, నేరుగా మళ్ళీ లైన్లోకి పరిగెత్తాడు. దాని గురించి తెలిసినవాళ్ళు రాయండి, ఎందుకంత బాగుంటుందో మా వారికి తెలుసుకోవాలని ఉంది.

---

చెక్కపట్టాలు

మీ వారి ప్రశ్నకి జవాబు నేనిస్తానండీ. ఫీనిక్స్ అంటే నాకు ప్రాణం.

మొదట దాని పుట్టుక చెప్పాలి. అది పెన్సిల్వేనియాలో పుట్టింది కాదు. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ప్లేల్యాండ్ పార్క్ అని ఉండేది. అక్కడ 1940ల చివర్లో రాకెట్ అనే పేరుతో కట్టారు. డిజైన్ చేసింది ఫిలడెల్ఫియా టొబోగన్ కంపెనీకి చెందిన హెర్బర్ట్ ష్మెక్. 1980లో ఆ పార్కు మూతపడింది. కోస్టర్ ఎండకీ వానకీ అలాగే నిలబడి ఉంది, కొన్నాళ్ళుంటే కట్టెల కింద పోయేదే. కనోబెల్స్ వాళ్ళు కొన్నారు. అయితే ఒరిజినల్ డ్రాయింగులు లేవు. ఏ చెక్క ఎక్కడిదో తెలియాలంటే ఒక్కటే దారి: విప్పేటప్పుడే ప్రతి చెక్కకీ గుర్తు వేసుకోవడం. అలా విప్పి, లారీలకెత్తి, దేశం ఆ చివర నుంచి ఇక్కడికి తెచ్చి, 1985లో మళ్ళీ నిలబెట్టారు. చెక్క కోస్టర్‌ని అంత దూరం తరలించవచ్చని నిరూపించింది ఇదే. ఆ తర్వాత వేరే పార్కులకి కూడా ధైర్యం వచ్చింది.

ఇప్పుడు ఎందుకంత బాగుంటుందో. ఎత్తు 78 అడుగులు, వేగం గంటకి 45 మైళ్ళు. కాగితం మీద ఏమంత గొప్ప కాదు. దాని ప్రాణమంతా గుట్టల ఆకారంలో ఉంది. బండి గుట్ట ఎక్కి శిఖరం దాటి కిందికి వంగుతుంది. మన ఒళ్ళు మాత్రం అదే ఊపులో పైకి వెళ్ళాలని చూస్తుంది. ఆ రెంటికీ మధ్య తేడా వల్లే సీటు నుంచి లేస్తాం. ఎయిర్ టైమ్ అంటారే, అదే. కొత్త కోస్టర్లలో మనల్ని పట్టి ఉంచే బార్‌ని ఒడి మీద బిగుతుగా నొక్కేస్తారు కాబట్టి లేచినా అంగుళం కూడా కదలం. ఫీనిక్స్‌లో బార్‌కీ తొడలకీ మధ్య ఖాళీ ఉంటుంది. అందుకే చేటలో బియ్యం చెరిగినట్టు చెరిగేస్తుంది. చివర్లో వరసగా చిన్న గుట్టలున్నాయి చూశారా? అక్కడ సీటు మీద ఉన్న సమయం కంటే గాల్లో ఉన్న సమయమే ఎక్కువ అనిపిస్తుంది.

ఇంకొకటి. స్టేషన్ నుంచి బయలుదేరగానే చీకటి సొరంగంలోకి పోతుంది కదా. చెయిన్ బండిని మొదటి గుట్ట పైకి లాగేముందు అంతసేపు కళ్ళకి ఏమీ కనపడకుండా చేసి, చక్రాల చప్పుడు మాత్రం వినిపిస్తారు. భయం సగం అక్కడే ఎక్కుతుంది.

మళ్ళీ వెళ్తే రాత్రి పూట ఆఖరి పెట్టెలో కూర్చోమనండి. ముందు పెట్టె శిఖరం మెల్లగా దాటుతుంది. అప్పటికే బండిలో సగం కిందికి పడుతుంటుంది కాబట్టి ఆఖరి పెట్టెని శిఖరం మీదుగా లాగి పడేస్తుంది. పైగా పగలంతా తిరిగి బేరింగులు వేడెక్కి ఉంటాయి, రాత్రికి బండి ఇంకా చురుగ్గా పోతుంది.

---

కొత్తకాపురం_ఫిల్లీ

జెర్సీ_అమ్మాయి గారూ, చాలా బాగా రాశారు. వచ్చే నెల మా అమ్మావాళ్ళు వస్తున్నారు, మా లిస్టులో రాసేసుకున్నాం.

ఒక సందేహం. చెక్కతో కట్టినది, అన్నేళ్ళ పాతది, పైగా విప్పి మళ్ళీ బిగించినది. ఎక్కడానికి భయంగా ఉండదా? మా ఆయన యూట్యూబ్‌లో చూసి "కదులుతోంది చూడు, స్తంభాలు ఊగుతున్నాయి" అంటున్నారు.

---

చెక్కపట్టాలు

ఊగాలండీ. ఊగకపోతేనే ఆలోచించాలి. బండి మలుపు తిరిగేటప్పుడు పడే బలాన్ని చెక్క కాస్త వంగి తీసుకుని మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. ఆ వంగే గుణం లెక్కలో పెట్టుకునే కడతారు.

పట్టా అంటే కూడా ఒకే దూలం కాదు. పలకల మీద పలకలు పొరలుగా పేర్చి, పైన ఉక్కు పట్టీ బిగిస్తారు. చక్రం నడిచేది ఆ ఉక్కు మీద. బండికి చక్రాలు మూడు రకాలు. పైన పరిగెత్తేవి, పక్కన ఒరుసుకునేవి, పట్టా కింద ఉండేవి. ఆ కింది చక్రాలే అసలు కీలకం. బండి పైకి లేవబోతే పట్టాని కిందనుంచి పట్టుకుని ఆపేవి అవే. జాన్ మిల్లర్ అనే ఆయన 1919లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఈ రోజుకీ దాదాపు కోస్టర్లన్నీ అదే పద్ధతి మీద నడుస్తున్నాయి. అది లేకముందు గుట్టలన్నీ మెల్లగా, వాలుగా ఉండేవి, ఎందుకంటే బండి ఎగిరిపోకుండా ఆపేది ఏదీ లేదు.

ఇక పాతది అన్న మాట. చెక్క కోస్టర్‌లో పాత చెక్క ఎంత మిగిలి ఉంటుందనుకున్నారు? ఏటా చలికాలంలో కొంత భాగం విప్పి కొత్త పలకలు వేస్తూనే ఉంటారు. వడ్రంగులు పట్టా వెంబడి నడిచి మేకులూ బోల్టులూ చూసుకోవడం ఈ కోస్టర్లు ఉన్న ప్రతిచోటా నిత్యం జరిగే పని. టకటకమని చెయిన్ ఎక్కేటప్పుడు వినిపించే శబ్దం కూడా భద్రత కోసమే. చెయిన్ తెగినా బండి వెనక్కి జారకుండా పళ్ళ పట్టీలో కొక్కెం పడుతూ పోయే చప్పుడది.

---

వేగమే_వేదం

అందరి ఉత్సాహం చూస్తే ముచ్చటగా ఉంది, కానీ నా అభిప్రాయం కూడా ఉండనివ్వండి. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి అటు రెండున్నర గంటలు, ఇటు రెండున్నర గంటలు. అంత దూరం పోతే నేను 200 అడుగులు దాటిన కోస్టర్లు ఉన్నచోటికి పోతాను. 78 అడుగుల దానికి అంత డ్రైవింగ్ ఎందుకు? పిల్లలూ పెద్దలూ ఉన్నవాళ్ళకి బాగుంటుందేమో, స్నేహితులతో వెళ్ళేవాళ్ళకి రోజంతా సరిపోతుందా?

---

చెక్కపట్టాలు

ఎత్తుకి ఒక సుఖం ఉంది, కాదనను. కానీ మీలాంటి వాళ్ళు తప్పకుండా చూడాల్సింది ఒకటి అక్కడుంది: ఫ్లయింగ్ టర్న్స్. దానికి పట్టాలే ఉండవు. సగానికి కోసిన పీపా ఆకారంలో పొడవాటి చెక్క తొట్టి, అందులో మంచు మీద జారే బాబ్‌స్లెడ్ లాంటి బండి స్వేచ్ఛగా జారిపోతుంది. మలుపు వచ్చినప్పుడు ఎంత వేగంగా వస్తే గోడ మీదికి అంత ఎత్తుకి ఎక్కుతుంది. ఏ ఎత్తుకి ఎక్కాలో నిర్ణయించే పట్టా లేదు, అంతా బరువూ వేగమే చూసుకుంటాయి.

ఈ ఆలోచన నార్మన్ బార్ట్‌లెట్ అనే ఆయనది. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపిన మనిషి. పైన చెప్పిన జాన్ మిల్లర్‌తో కలిసి 1929లో ఒహాయోలోని డేటన్‌లో మొదటిది కట్టాడు. తర్వాత కొన్ని చోట్ల వచ్చాయి. క్లీవ్‌లాండ్ యూక్లిడ్ బీచ్ పార్కులో ఉన్నది 1969లో పార్కుతోపాటే పోయింది. ఆ తర్వాత చెక్కతో చేసినది ప్రపంచంలో ఎక్కడా లేకుండా పోయింది. కనోబెల్స్ వాళ్ళు 2006లో మళ్ళీ మొదలుపెట్టారు. చక్రాలు కుదరలేదు, బండ్లు మార్చారు, మళ్ళీ మళ్ళీ పరీక్షించారు. జనం ఎక్కింది 2013 అక్టోబరులో. ఏడేళ్ళు ఒక్క రైడ్ కోసం! ఇంకెవరైనా అయితే మధ్యలోనే కూలగొట్టి అక్కడ షాపు పెట్టేవాళ్ళు.

ఎక్కేటప్పుడు బరువు చూసి కూర్చోబెడతారు, అది ముందే తెలిసి ఉంటే మంచిది. ఒకరి వెనక ఒకరు కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. ఒక్కో పెట్టెలో ఇద్దరి బరువూ కలిపి ఒక హద్దు దాటకూడదు. అందుకే లైన్ నెమ్మదిగా కదులుతుంది. పొద్దున్నే వెళ్ళగానే ముందు దీని దగ్గరికి పోండి.

---

వేగమే_వేదం

పట్టాలు లేని కోస్టర్ సంగతి నాకు తెలియదు. అది మాత్రం చూడాలి. డ్రైవింగ్ మీద నా అభిప్రాయం మారలేదు గానీ, ఈ ఒక్కదాని కోసం వెళ్తాను.

---

హారిస్‌బర్గ్_బాబాయ్

ఈ పార్కు గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడుకోవడం చూసి ఆనందంగా ఉంది. నేను ఈ ప్రాంతంలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. మా పిల్లలు పెరిగింది ఈ పార్కులోనే అంటే అతిశయోక్తి కాదు. కొంచెం వెనక్కి వెళ్ళి చెబుతాను.

ఆ భూమి కనోబెల్ కుటుంబం చేతికి 1828లో వచ్చింది. మొదట వ్యవసాయం, కలప. రంపపు మిల్లు ఉండేది. వాగులో ఈత కొట్టడానికి మంచి మడుగు ఉండడంతో చుట్టుపక్కల బొగ్గు ఊళ్ళ నుంచి జనం ఆదివారాలు గుర్రపు బండ్లు కట్టుకుని వచ్చేవారు. వాళ్ళు ఈత కొట్టే లోపు గుర్రాలకి నీళ్ళు పెట్టి తోమినందుకు పావు డాలరు తీసుకునేవాళ్ళట. వ్యాపారం అక్కడ మొదలైంది. 1926 జులై 4న పద్ధతిగా పార్కు తెరిచారు. ఈత కొలను కూడా అప్పటిదే. క్రిస్టల్ పూల్ అంటారు, 9 లక్షల గ్యాలన్లు పడుతుంది. ఇప్పటికీ ఆ కుటుంబమే నడుపుతోంది. 2026తో నూరేళ్ళు.

కలప వాళ్ళ కులవృత్తి అన్నమాట. చెక్క కోస్టర్‌ని విప్పి తెచ్చి బిగించే ధైర్యం వాళ్ళకి ఎక్కడిది అంటే అక్కడిదే. చెక్కపట్టాలు గారు చెప్పినట్టు ఏటా పలకలు మార్చాలంటే చేతిలో పని ఉన్న వడ్రంగులు ఇంట్లోనే ఉండాలి. ట్విస్టర్ అని ఇంకో చెక్క కోస్టర్ చూసే ఉంటారు. డెన్వర్‌లో ఎలిచ్ గార్డెన్స్‌లో మిస్టర్ ట్విస్టర్ అని పేరున్న కోస్టర్ ఉండేది, జాన్ అలెన్ డిజైన్. ఆ నమూనా తీసుకుని వీళ్ళ సొంత మనుషులే తమ స్థలానికి సరిపడా మార్చి 1999లో కట్టుకున్నారు. స్థలం చాలక, చెయిన్ ఎక్కే దారిని రెండు ముక్కలు చేశారు. కొంత ఎక్కి, మలుపు తిరిగి, మళ్ళీ ఎక్కుతుంది.

ఇదంతా బొగ్గు దేశం. ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు. షమోకిన్, మౌంట్ కార్మెల్, ఆష్లండ్ ఊళ్ళన్నీ గనుల మీద బతికినవే. పార్కులో బొగ్గు గనుల మ్యూజియం ఉంది, డబ్బులు అడగరు. గని కార్మికుల దీపాలు, పనిముట్లు చూడొచ్చు. బ్లాక్ డైమండ్ అనే చీకటి రైడ్ కూడా గనిలోకి వెళ్ళే రైలే. అది కూడా వేరే చోటినుంచి కాపాడి తెచ్చినదే. న్యూజెర్సీ వైల్డ్‌వుడ్‌లో సముద్రం ఒడ్డున హంట్స్ పియర్ మీద 1960 నుంచి ఉండేది. ఇక్కడ 2011లో తెరిచారు.

అంత అందమైన వాగులే వాళ్ళని ఏడిపించాయి కూడా. 1972లో ఆగ్నెస్ తుఫాను వచ్చినప్పుడు పార్కు మునిగిపోయింది. ఆ మరుసటి ఏడే, 1973లో, హాంటెడ్ మాన్షన్ అనే దెయ్యాల ఇల్లు కట్టి తెరిచారు. 2011 సెప్టెంబరులో మళ్ళీ పెద్ద వరద. నీళ్ళు తీసిన వెంటనే బురద కడిగి, మోటార్లు ఆరబెట్టి, రైడ్లు ఒక్కొక్కటే తిప్పడం మొదలుపెట్టారు. ఆ మనుషుల మీద నాకున్న గౌరవం అందుకే.

---

జెర్సీ_అమ్మాయి

బాబాయ్ గారూ, ఇవన్నీ చదివి మా మామయ్యగారికి వినిపించాను. గుర్రాలకి నీళ్ళు పెట్టి పావు డాలరు తీసుకున్న సంగతి ఆయనకి తెగ నచ్చింది, రెండుసార్లు చదివించుకున్నారు.

హాంటెడ్ మాన్షన్ మా చిన్నదాన్ని తీసుకెళ్ళాం. నాలుగేళ్ళ పిల్లని తీసుకెళ్ళకండి, నిజంగానే భయపడుతుంది. చివర్లో ఏముందో నేను చెప్పను. పెద్దవాళ్ళం మేమే కేక పెట్టాం.

---

కొయ్యబొమ్మ

రంగులరాట్నం గురించి నేను రాయకపోతే నాకు నిద్ర పట్టదు. నేను చెక్క బొమ్మలు చెక్కడం నేర్చుకుంటున్నాను. ఆ గుర్రాల కోసమే అక్కడికి వెళ్తాను.

ఆ గుర్రాలు చెక్కింది చార్లెస్ కార్మెల్. రష్యా నుంచి వలస వచ్చి, న్యూయార్క్ కోనీ ఐలండ్ దగ్గర పనిచేసిన శిల్పి. ఆ కాలంలో కోనీ ఐలండ్ శిల్పులది ఒక తీరు: గుర్రం తల ఎగరేసి, జూలు గాలికి చెదిరి, నోరు తెరిచి పళ్ళు కనిపిస్తూ ఉంటుంది. జీను మీద, కళ్ళెం మీద రాళ్ళు పొదుగుతారు. దగ్గరికెళ్ళి చూడండి, ముక్కుపుటాల లోపలిదాకా ఉలి వెళ్ళింది.

ఇంకో విషయం గమనించారా? గుర్రానికి కుడివైపు ఉన్న పనితనం ఎడమవైపు ఉండదు. అమెరికా రంగులరాట్నాలు గడియారం ముల్లుకి వ్యతిరేక దిశలో తిరుగుతాయి. అంటే బయట నిలబడ్డవాళ్ళకి కనిపించేది గుర్రం కుడివైపే. కాబట్టి పూలు, రాళ్ళు, జూలు వంపులు అన్నీ ఆ వైపే. లోపలివైపు పని సాదాగా ముగించేస్తారు. బ్రిటన్‌లో రాట్నాలు గడియారం ముల్లు దిశలోనే తిరిగేవి కాబట్టి అక్కడ అలంకారం ఎడమవైపు.

ఆ దిశకీ రింగుకీ కూడా సంబంధం ఉంది. ఇలా తిరిగితేనే కుడిచెయ్యి బయటివైపుకి వస్తుంది, రింగు లాగడానికి వీలవుతుంది. బయటి వరస గుర్రాలు పైకీ కిందికీ ఆడవు, కదలకుండా నిలబడి ఉంటాయి. లోపలి వరసలవే ఎగురుతాయి. ఇవి కూడా ఎగిరితే చెయ్యి ఎత్తు మారిపోయి రింగు ఎవరికీ దొరకదు. ఇంతకుముందు ఈ రింగులు చాలా పార్కుల్లో ఉండేవి. ఇప్పుడు చెయ్యి బయటపెడితే అరిచే కాలం కదా, అమెరికా మొత్తంలో చేతివేళ్ళ మీద లెక్కపెట్టేన్ని చోట్లే మిగిలాయి. కనోబెల్స్ వాళ్ళు 1940ల మొదట్లో ఈ రాట్నం కొన్నప్పటి నుంచీ తిప్పుతూనే ఉన్నారు.

అదే నాకు కళ్ళు చెమర్చే విషయం. ఇలాంటి రాట్నాలు ఎన్నింటినో విడదీసి ఒక్కో గుర్రాన్ని వేలంలో అమ్మేశారు. డబ్బున్నవాళ్ళ హాళ్ళల్లో అలంకారంగా నిలబడ్డాయి. ఇక్కడ మాత్రం జీను మీద రంగు పిల్లల మోకాళ్ళకి అరిగిపోతుంది, మళ్ళీ వేస్తారు, మళ్ళీ అరుగుతుంది. చెక్కినవాడు దాన్ని చేసింది ఎక్కడానికే.

రాట్నం పక్కనే మ్యూజియం ఉంది, అది కూడా ఉచితమే. వేరే శిల్పులు చెక్కిన సింహాలు, జిరాఫీలు కూడా ఉంటాయి. పెద్దవాళ్ళని కాసేపు చల్లగా కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చూపించండి.

---

కొత్తకాపురం_ఫిల్లీ

కొయ్యబొమ్మ గారూ, ఇది చదివాక ఇక ఆగలేం. మా నాన్నగారు వడ్రంగం మీద ఇష్టం ఉన్న మనిషి, ఆయన్ని ఆ గుర్రాల ముందు నిలబెట్టాలి.

కొన్ని చిన్న ప్రశ్నలు: టికెట్ల పుస్తకం కొనాలా, రోజంతా రైడ్లు ఎక్కడానికి చేతికి కట్టే బ్యాండ్ మంచిదా? శాకాహారం దొరుకుతుందా? మా ఏడేళ్ళ మేనల్లుడికి ఏది బాగుంటుంది?

---

జెర్సీ_అమ్మాయి

మీలో సగంమంది ఎక్కనివాళ్ళయితే పుస్తకమే మేలు. పిల్లలు ఫీనిక్స్ లాంటివి మళ్ళీ మళ్ళీ ఎక్కే రకమైతే వాళ్ళ వరకు బ్యాండ్ తీసుకోండి. బ్యాండ్ ఏయే రోజుల్లో ఇస్తారో సీజన్‌ని బట్టి మారుతుంది, వెళ్ళేముందు పార్కు వెబ్‌సైట్ చూసుకోండి. కుటుంబమంతా ఒకే పద్ధతి పాటించాలని లేకపోవడమే ఇక్కడి సుఖం.

భోజనం బయటినుంచి తెచ్చుకోవచ్చు. పిక్నిక్ బల్లలు చాలా ఉన్నాయి, చెట్ల కింద. మేము పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్ళాం. కానీ అక్కడి పీరోగీలు తప్పకుండా తినండి. లోపల ఆలుగడ్డ ముద్ద పెట్టి, ఉల్లిపాయ, వెన్నతో వేయించి ఇస్తారు. మా అత్తయ్యగారు ఒకటి రుచి చూసి, ఇంకో ప్లేటు తెమ్మన్నారు.

---

హారిస్‌బర్గ్_బాబాయ్

పీరోగీలు గనుల్లో పనికి వచ్చిన పోలండ్, స్లోవాకియా, ఉక్రెయిన్ వాళ్ళ వంట. అందుకే ఆ చుట్టుపక్కల చర్చిల్లో కూడా చేసి అమ్ముతారు.

ఏడేళ్ళవాడికి బంపర్ కార్లు చూపించండి. అక్కడివి ఫిలడెల్ఫియాలో లుస్సే అన్నదమ్ములు చేసిన పాత స్కూటర్ కార్లు. పైకప్పు తీగల వల నుంచి స్తంభం ద్వారా కరెంటు దిగుతుంది. స్టీరింగ్ ఒకవైపుకి అలా తిప్పుతూ పోతే కారు వెనక్కి కూడా నడుస్తుంది, ఎందుకంటే తోసే చక్రం ముందే ఉంది, అది పూర్తిగా తిరుగుతుంది. మూలలో ఇరుక్కున్న పిల్లలకి ఈ కిటుకు చెబితే ఇక వాళ్ళని పట్టలేం. తగిలితే దెబ్బ గట్టిగానే తగులుతుంది, మెడ జాగ్రత్త అని చెప్పండి.

ఫ్లయర్ అని ఇంకోటుంది. తీగలకి వేలాడే చిన్న విమానం, ముందు రెక్క మన చేతిలో ఉంటుంది. అటూ ఇటూ తిప్పడం నేర్చుకుంటే మనమే పైకీ కిందికీ ఎగరొచ్చు. ఊరికే కూర్చుంటే ఊరికే తిరుగుతుంది.

---

పిట్స్‌బర్గ్_పండు

పాత పార్కులంటే ఇష్టపడ్డవాళ్ళకి మా వైపు, పిట్స్‌బర్గ్ దగ్గరున్న కెన్నీవుడ్ పార్కు కూడా చెప్పాలి. 1898 నాటిది. అప్పట్లో ట్రామ్ కంపెనీలు ఆదివారాలు కూడా జనం ట్రామ్ ఎక్కాలని లైను చివర్లో ఇలాంటి పార్కులు పెట్టేవి. ఇదీ అలా వచ్చిందే. 1920 నాటి జాక్ రాబిట్, 1927 నాటి రేసర్ ఇంకా నడుస్తున్నాయి. రెండూ పైన మీరంతా చెప్పుకున్న జాన్ మిల్లర్‌వే. రేసర్‌లో రెండు బండ్లు పక్కపక్కనే పోటీపడతాయి గానీ నిజానికి అది ఒకే పట్టా. ఎడమవైపు నుంచి బయలుదేరిన బండి కుడివైపు వచ్చి ఆగుతుంది. ఎందుకో ఆలోచించుకుంటూ ఎక్కండి, భలే ఉంటుంది.

అయితే అక్కడ గేటు టికెట్ ఉంది. ఎక్కని పెద్దవాళ్ళకి కూడా ఖర్చవుతుంది. ఆ విషయంలో కనోబెల్స్‌కి సాటి లేదు.

ఆల్టూనాలో లీప్ ద డిప్స్ అని 1902 నాటి కోస్టర్ ఉంది. ఇంకా నిలిచి ఉన్న కోస్టర్లలో ప్రపంచంలోనే పాతది. కింది చక్రాలు రాకముందు కట్టింది కాబట్టి ఎత్తు 41 అడుగులే, సగటు వేగం గంటకి 10 మైళ్ళు. చెక్కపట్టాలు గారు చెప్పిన ఆ తేడా కళ్ళారా చూడాలంటే ఇదే చూడాలి. బయలుదేరేముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

---

వేగమే_వేదం

జాక్ రాబిట్ నేను ఎక్కాను. రెండు మెట్లుగా పడే చోట ఒళ్ళు నిజంగా లేస్తుంది. అంత చిన్నదాంట్లో అంత ఊపు ఎక్కడినుంచి వస్తుందా అనుకునేవాణ్ణి, ఇప్పుడు అర్థమైంది.

శుక్రవారం సెలవు దొరికింది. ఫ్లయింగ్ టర్న్స్‌కి నేనూ, ఇద్దరు స్నేహితులూ బయలుదేరుతున్నాం. సాయంత్రానికి ఫీనిక్స్ ఆఖరి పెట్టె. ఆ చుట్టుపక్కల ఇంకేదైనా ఉందా, శనివారం పొద్దున చూసి రావడానికి?

---

హారిస్‌బర్గ్_బాబాయ్

ఆష్లండ్ వెళ్ళండి, దగ్గరే. పయనీర్ టన్నెల్ అని నిజమైన బొగ్గు గనిలోకి చిన్న బండిలో తీసుకెళ్తారు. బయట పాత ఆవిరి ఇంజిన్ రైలు కూడా ఉంది. దారిలోనే సెంట్రేలియా, 1962 నుంచి నేల కింద బొగ్గు మండుతున్న ఊరు. జనం దాదాపు అందరూ ఖాళీ చేశారు. అక్కడ పెద్దగా చూడ్డానికేం లేదు, నేల గుల్లబారి ఉంటుంది కాబట్టి రోడ్డు దిగి తిరగొద్దు.

గనిలోకి వెళ్ళేటప్పుడు మాత్రం స్వెట్టర్ ఉండాలి. బయట ఎంత ఎండ కాసినా లోపల 52 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే ఉంటుంది.

---

వేగమే_వేదం

సరే బాబాయ్ గారూ, స్వెట్టర్లు పెట్టుకున్నాం. మా ముగ్గురిలో ఇద్దరం కాస్త బరువైన వాళ్ళం. చెక్కపట్టాలు గారూ, ఫ్లయింగ్ టర్న్స్‌లో విడివిడిగా కూర్చోబెడతారంటారా?

---

చెక్కపట్టాలు

అవసరమైతే ఒక్కో పెట్టెలో ఒక్కొక్కరినే కూర్చోబెడతారు, లేదా తేలికగా ఉన్నవాళ్ళతో జత చేస్తారు. వాళ్ళు చెప్పిన చోట కూర్చోండి. ముందు పెట్టె ఇస్తే మాత్రం వదలొద్దు, గోడ ఎక్కడం అక్కడినుంచే బాగా కనిపిస్తుంది.